'మా గురించి' పేజీలో తుడిచేసినవి

చంద్రకాంత్ నన్ను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో వైట్‌నర్ ఉంది.

మందుల కంపెనీలో, అందులోనూ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసే మనిషికి వైట్‌నర్ చూపించడం అంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు. అతను షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. జుట్టు మీద వాన చినుకులు, మెడలో ఐడీ కార్డు, చంకలో ఫైలు. చూపు మాత్రం నా చేతి మీద. నేను కత్తి పట్టుకున్నా అంత జంకేవాడు కాదేమో.

"మేడం, జెర అది కింద పెట్టుండ్రి," అన్నాడు నెమ్మదిగా.

పెట్టాను.

"ఏం తుడుస్తున్నరు?"

"కటింగ్ రిజిస్టర్ల తప్పు పడ్డది సార్. ఎల్ సైజు ముప్పై అని రాయబోయి మున్నూరు అని రాసిన."

"తప్పు పడితే తుడవొద్దు. ఒక్క గీత కొట్టాలె. కింద రాసింది కనపడాలె. పక్కన సంతకం, తారీఖు, ఎందుకు కొట్టినమో కారణం."

"తప్పు అందరికీ కనపడాల్నా?"

"కనపడాలె. కనపడితేనే రికార్డు. లేకుంటే కథ."

నాకు కథలే ఇష్టం. కానీ ఆ మాట పైకి అనలేదు. నేను మాట్లాడే మనిషిని కాను. ఊళ్లో బడిలో పదేళ్లూ కిటికీ పక్కన కూర్చుని, అందరినీ చూస్తూ, ఎవరికీ కనపడకుండా పాసైనదాన్ని. నా పేరు నిషిత అని మా లెక్కల సారుకు టెన్త్ హాల్ టికెట్ ఇచ్చేటప్పుడు తెలిసింది.

సునంద యూనిఫామ్స్ అంటే మా అమ్మ, ఆరు కుట్టుమిషన్లు, బొల్లారం ఇండస్ట్రియల్ ఏరియా వెనక గల్లీలో ఒక కిరాయి రేకుల షెడ్డు. మందుల కంపెనీల్లో వేసుకునే అప్రాన్లు కుడతాం. వాటికి జేబులు ఉండవు, గుండీలు ఉండవు. వంగినప్పుడు జేబులోంచి పెన్ను జారి మందు పొడిలో పడకూడదు కదా. జేబుల్లేని బట్టలు కుట్టి అమ్మ నన్ను డిగ్రీ దాకా చదివించింది. నాన్న కంపెనీ బస్సు నడుపుతాడు. షిఫ్టు టైములు తప్ప మిగతా ప్రపంచమంతా అమ్మకు వదిలేశాడు.

మా ఆర్డర్లలో ముప్పాతిక వంతు గడ్డపోతారంలోని ఒకే కంపెనీవి. చంద్రకాంత్ పనిచేసేది అక్కడే. ఏటా జూలైలో వాళ్ల లిస్టులో మా పేరు రెన్యువల్ అవుతుంది. ఈ ఏడు ఫారం ఆన్‌లైన్ అయింది. అందులో 'వెబ్‌సైట్ అడ్రస్' అని ఒక గడి. ఖాళీగా వదిలితే ఫారం ముందుకు పోదు. లేదు అని రాసినా పోదు. నెలాఖరులోగా ఫారం పోకపోతే లిస్టులోంచి మా పేరు పోతుంది. పేరు పోతే ఆరు మిషన్లలో నాలుగు ఆగిపోతాయి. ఆ నాలుగింటి మీద కూర్చునేవాళ్ల ఇళ్లలో ఎంతమంది తింటారో నాకు తెలుసు.

"వెబ్‌సైట్ అంటే మాకేం తెలుస్తది సార్?" అంది అమ్మ.

"రెడీమేడ్‌గ చేసుకునేటివి ఉంటయ్ అమ్మా. వెబ్‌సైట్ బిల్డర్ అంటరు. ఫొటోలు, మాటలు మనవి పెట్టుకుంటే అయిపాయె. గని ఒక మాట. ఇరవై ఎనిమిది నాడు ఆడిట్‌కు నేనే వస్త. సైట్‌ల ఏముంటదో షెడ్‌ల గదే ఉండాలె. లెక్క పెట్టి చూస్త."

"మా బిడ్డ చేస్తది. కంప్యూటర్ కోర్స్ చేసింది," అంది అమ్మ, నన్ను అడక్కుండానే.

నేను చేసిన కోర్సు టైపింగ్. ఆ సంగతి చెప్పేలోపు అతను రిజిస్టరు చివర తన నంబరు రాసి, పక్కన సంతకం, తారీఖు కూడా వేసి, "డౌట్ ఉంటే అడగుండ్రి మేడం" అని వానలోకి వెళ్లిపోయాడు.

మొదట దొరికిన బిల్డర్ పూర్తిగా ఉచితం. రెండు గంటలు కష్టపడి అమ్మ ఫొటో ఎక్కించాను. తెరిచి చూస్తే ఆ ఫొటో కిందే పొట్ట తగ్గించే పొడి ప్రకటన.

అమ్మ చాలాసేపు చూసింది. "నన్ను చూసే పెట్టిండ్రా ఏంది?"

"లేదమ్మా. ఫ్రీ గదా, వాళ్ల యాడ్‌లు వస్తయ్."

"తీసెయ్."

రెండోది మీ వ్యాపారం ఏమిటని అడిగింది. కుట్టుపని అని నొక్కాను. పెళ్లి గౌన్లు పెట్టింది. కుచ్చిళ్లు ఇసుకలో ఈడుస్తూ ఒక తెల్లమ్మాయి సముద్రం వైపు నడుస్తోంది. ఒక పేజీలో తీసేస్తే ఇంకో పేజీలో నడిచింది. మొత్తం మీద సాయంత్రానికి ఆమె సముద్రం చేరలేదు, నేను ఇల్లు చేరలేదు.

మూడో మిషన్ మీద కుట్టే ఫర్హీన్ నా భుజం మీదుగా తొంగి చూసింది. మా ఇద్దరిదీ ఒకే ఈడు. "గా గౌన్‌కు జేబులున్నయా?"

"లేవు."

"అయితే మన సరుకే. ఉండనీ."

మూడోది తెలివైన రకం. నాలుగు ముక్కలు చెబితే పేజీ మొత్తం ఇంగ్లీషులో అదే రాసి, ఫొటో కూడా అదే పెట్టింది. నేను తెలుగు చేసి అమ్మకు వినిపించాను. "పందొమ్మిది వందల ఎనభై ఏడు నుంచి నాణ్యతకు మారుపేరు."

"ఎనభై ఏడుల నేను ఒకటో తరగతి. ఇంకేమంటున్నది?"

"నలభై దేశాలకు పంపుతున్నమట."

"పక్కనున్న కాజీపల్లి దాటలే మనం."

అయినా చూడటానికి బాగుందని ఆ పేజీని చంద్రకాంత్‌కు పంపాను. అరగంటలో జవాబు వచ్చింది, నంబర్లు వేసి.

'1. నలభై దేశాల పేర్లు జతచేయగలరు. 2. ఫొటోలో నలభై రెండు మిషన్లు ఉన్నవి. మిగతా ముప్పై ఆరు ఎక్కడ ఉన్నవో చూపగలరు. 3. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. షెడ్డులో ఎవరూ నవ్వడం నేను గమనించలేదు.'

మూడోది జోకో, కామెంటో అర్థం కాలేదు. ఫోన్ చేశాను. ఇంట్లోవాళ్లకు కాకుండా నా అంతట నేను ఫోన్ చేసిన మగమనిషి అతనొక్కడే. గ్యాస్ సిలిండర్ అబ్బాయిని కలపకపోతే.

"సార్, మూడో పాయింట్..."

"చెప్పుండ్రి."

"మీరు వచ్చిండ్రని భయపడి నవ్వలేదు. మామూలుగనైతే నవ్వుతరు."

"మీరు గూడనా?"

ఆలోచించాను. "సోమవారాలు తప్ప."

"నోట్ చేసుకుంట," అన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఒకటి చెప్త. ఎవరు ఏం మార్చిండ్రు, ఎప్పుడు మార్చిండ్రు, ముందుగాల ఏముండె, ఇవన్నీ దాచిపెట్టే బిల్డర్ తీసుకోండ్రి. మా దగ్గర దాన్ని ఆడిట్ ట్రెయిల్ అంటరు. నా నౌకరీనే అది. పొద్దున పోయినకాడికెల్లి ఎవరేం రాసి తుడిచిండ్రో చదువుడు."

ఆ చివరి మాట నేను విన్నాను. వినలేదని తరవాత నాకు నేనే చెప్పుకుందామని చూశాను గానీ, విన్నాను. అర్థం కావడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

అలా నాలుగో బిల్డర్ కుదిరింది. నెలకు కొంచెం కట్టాలి, కానీ ప్రకటనలు లేవు, గౌన్లు లేవు. తప్పులు చూసి చెప్పడానికి ఒక మనిషిని కలుపుకోవచ్చు అంటే చంద్రకాంత్‌ను కలుపుకున్నాను. అతను పేజీ పక్కన చిన్న చిన్న కామెంట్లు పెట్టేవాడు. నేను సరిచేసేదాన్ని. ఆరు మిషన్ల ఫొటోలు నేనే తీశాను. ఐదో దాని బల్ల కాలి కింద ఇటుక ఉంటుంది. ఆ ఇటుకతో సహా పెట్టాను. 'ఇటుక ఉండనివ్వండి' అని కామెంట్ వచ్చింది.

అన్ని పేజీలూ అయ్యాయి. 'మా గురించి' ఒక్కటి మిగిలింది. అక్కడ తెలుగులో రాద్దామని అమ్మ కోరిక. తెలుగు ఫాంట్లు అందులో పన్నెండున్నాయి. కొన్నిట్లో ఒత్తులు ఊడి పక్కకు పడుతున్నాయి. ఏది నిలబడుతుందో చూడాలంటే ఏదో ఒకటి టైపు చేయాలి కదా.

చంద్రకాంత్ అని టైపు చేశాను. ఆ పేరులో ద కింద ర ఉంది, చివర పొల్లు ఉంది. ఫాంటు పరీక్షకు అంతకన్నా మంచి పేరు దొరకదు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం ఇదీ.

మర్నాడు ఇంకో ఫాంటు. పేరు ఒక్కటే చాలదనిపించింది. 'చంద్రకాంత్ సారు నవ్వొస్తే నవ్వడు. ఐడీ కార్డు తిప్పి వెనకవైపు చదువుతాడు. వెనకవైపు ఏమీ ఉండదు.' చదువుకున్నాను, ఒత్తులు చూసుకున్నాను, తుడిచేశాను.

తరవాత ప్రతిరోజూ ఒక ఫాంటు. కొన్ని రోజులు రెండు. మాట్లాడని మనిషికి తెల్ల పేజీ, తుడిచే బటన్ రెండూ ఒకచోట దొరికితే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

మధ్యలో అతను రెండుసార్లు షెడ్డుకు వచ్చాడు. ఒకసారి దారం శాంపిల్ తీసుకోవడానికి. ఇంకోసారి, ఆ శాంపిల్ ముట్టినట్టు కాగితం ఇవ్వడానికి. రెండుసార్లూ వాన దంచింది. రేకుల మీద చప్పుడుకు మిషన్లు కూడా వినపడవు. అతను గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగాడు. నేను ఎదురుగా అప్రాన్లు మడతపెట్టాను. మడతపెట్టినవే మళ్లీ మడతపెట్టాను.

"మేడం, ఇది ఇందాకనే మడతపెట్టిండ్రు," అన్నాడు.

"మడత సక్కగ రాలే సార్."

"అదే అనుకున్న," అని కార్డు వెనకవైపు చదివాడు.

ఫర్హీన్ దారం కొరుకుతూ అడ్డంగా నవ్వింది. అతను వెళ్లాక నా దగ్గరకు వచ్చింది. "ఒక్క కాయిదం ఇయ్యనీకి గడ్డపోతారం నుంచి ఇంత వానల వచ్చిండా? వాట్సాప్ల పెట్టొచ్చు గద."

"ఒరిజినల్ ఇయ్యాలంట. రూల్."

"రూల్ బహుత్ మంచిగున్నది," అంది.

ఆ సాయంత్రం లావు అక్షరాల ఫాంటులో రాశాను: 'వాన పడితే చాలు, ఆయన తొందరగా పోలేడు. రేపు కూడా డౌట్ అడగాలి. ఏం డౌట్ అడగాలి?' తుడిచేశాను. హాయిగా ఇంటికి పోయి పడుకున్నాను.

ఇరవై నాలుగు నాడు పొద్దున పదకొండింటికి మెసేజ్ వచ్చింది. 'మార్పుల హిస్టరీ చూసినాను. ఇకమీదట మీ సైటును నేను రివ్యూ చేయలేను. ఆడిట్‌కు కూడా నేను రాను. వేరేవాళ్లకు తేదీ దొరికితే వాళ్లు వస్తారు.'

హిస్టరీ అంటే ఏమిటో అప్పుడు వెతికాను. పేజీ మూలన గడియారం బొమ్మ ఉంది. ఇన్నాళ్లూ అది టైము చూసుకోవడానికి అనుకున్నాను. నొక్కాను.

పద్నాలుగు ఎంట్రీలు. రాసిన టైము, తుడిచిన టైము, రాసినవారి పేరు: నిషిత. ఎర్రరంగులో ఒక్కో మాటా చెక్కుచెదరకుండా ఉంది. ఒత్తులు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి.

కస్టమర్ కేర్ చాట్ తెరిచి, హిస్టరీ తీసేయడం ఎలా అని అడిగాను. 'శుభవార్త. మీ ప్లాన్‌లో హిస్టరీ ఎప్పటికీ భద్రంగా ఉంటుంది' అని జవాబు, పక్కన నవ్వు బొమ్మతో.

సిగ్గు ఒక గంట ఉంది. తరవాత భయం వచ్చింది. నెలాఖరులోగా వేరే మనిషికి తేదీ దొరక్కపోతే? దొరికినా, ఈ షెడ్డులో అమ్మాయి ఇలాంటిదట అని ముందే విని వస్తే? నా ఫాంట్ల పిచ్చికి నాలుగు మిషన్లు ఆగిపోతాయి. ఒకటి ఫర్హీన్‌ది.

అమ్మకు చెప్పక తప్పలేదు. "అమ్మా, సారు ఆడిట్‌కు రాడట. నా తప్పే."

"ఏం చేసినవ్?"

"రాసిన."

"ఏం రాసినవ్?"

ఫోన్‌లో ఆ హిస్టరీ తెరిచాను. ఫర్హీన్ నా చేతిలో ఫోన్ లాక్కుంది. తను తెలుగు మీడియం. ఒక్కో అక్షరం విడదీసి, వార్తలు చదివినట్టు, పద్నాలుగూ చదివింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. ఎనిమిదో ఎంట్రీ దగ్గర ఒకామె దగ్గింది. పన్నెండో ఎంట్రీ దగ్గర నేను బట్ట మూటల వెనక్కి వెళ్లి నిలబడ్డాను.

చదవడం అయింది. అమ్మ ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి జరిపింది.

"ఫాంట్ మంచిగనే ఉన్నది," అంది. తరవాత నా వైపు తిరిగింది. "బిడ్డా, ఇన్ని మాటలున్నయా నీ దగ్గర? ఇంట్ల ఉప్పు సరిపోయిందా అంటె తల ఊపుతవ్."

"ఆర్డర్ పోతదేమో అమ్మా."

"పోతె చూద్దం. సైట్ల అబద్ధమైతే లేదు గదా?"

"లేదు."

"ఇగ ఏడవకు. 'మా గురించి' పేజీ పూర్తి చేయి. ఈసారి మన గురించి రాయి."

ఇరవై ఎనిమిదిన కంపెనీ జీపు వచ్చింది. దిగింది ఒక్కరే, ప్రియాంక మేడం, చంద్రకాంత్ సీనియర్. గొడుగు ముడుస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఆ చూపులో పద్నాలుగు ఎంట్రీలూ ఉన్నాయో లేవో పోల్చుకోలేకపోయాను.

రెండు గంటలు చూసింది. సైట్ ఫోన్‌లో తెరిచి పట్టుకుని మిషన్లు లెక్కపెట్టింది. ఇటుక దగ్గర వంగి ఫొటోతో పోల్చింది. దారాలు, సూదుల డబ్బా, విరిగిన సూదుల లిస్టు చూసింది. చివరకు మూలన బకెట్ దగ్గర ఆగింది.

"మంటలార్పే బకెట్ల ఇసుక ఏది?"

"మొన్ననే ఇల్లు కట్టేటోళ్లు అడిగితే ఇచ్చిన మేడం," అంది అమ్మ.

"వారంల నింపి ఫొటో పెట్టుండ్రి. ఇది ఒక్కటే అబ్జర్వేషన్. రెన్యువల్‌కు రాస్తున్న."

అమ్మ కుర్చీలో కూర్చుండిపోయింది. ఫర్హీన్ కళ్లు తుడుచుకుంటూ దుమ్ము పడ్డది అంది.

ప్రియాంక మేడం ఫైలులోంచి ఇంకో కాగితం తీసింది. "సునందమ్మా, ఇది గూడ ఉన్నది. మీరు చదివినట్టు సంతకం కావాలె. సరుకిచ్చే వెండర్‌తోని మా కంపెనీల ఎవరికన్న పర్సనల్ వ్యవహారం ఉంటే ముందుగాలనే రాసియ్యాలె, ఆడిట్ నుంచి తప్పుకోవాలె. చంద్రకాంత్ రాసిచ్చిండు."

"ఏం రాసిండు?" అంది అమ్మ.

"తెలుగుల రాసిండు. మా హెడ్ తమిళాయన. నన్ను చదివి చెప్పమన్నడు. మీటింగ్ల అందరి ముంగట చదవలేక సచ్చిన."

అమ్మ కాగితం నాకిచ్చింది. ఫారం ఇంగ్లీషు. 'ఈ వెండర్‌తో గానీ వారి కుటుంబంతో గానీ మీకు వ్యక్తిగత సంబంధం ఉన్నదా?' అన్న ప్రశ్న కింద, గుండ్రటి చేతిరాత.

'ఇప్పటివరకు లేదు. ఉండాలని నాకు ఉన్నది. వారిని ఇంకా అడగలేదు. ఆడిట్ నా చేతిలో ఉండగా అడిగితే వాళ్లు కాదనలేరు, అది తప్పు. ఆడిట్ నుంచి నన్ను తప్పించగలరు.'

రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనపడలేదు. నన్ను చూసి పారిపోయాడనుకున్న మనిషి, నేను కాదనే దారి తెరిచి ఉంచడానికి పక్కకు జరిగాడు.

"కింద వెండర్ రిమార్క్స్ అని ఉన్నది," అంది ప్రియాంక మేడం. "ఖాళీ ఉండొద్దు."

అమ్మ పెన్ను తీసి నా చేతిలో పెట్టింది. "సంతకం నేను చేస్త. రిమార్క్ నీది. ఏం రాసినా నాకు సమ్మతమే. నీ ఇష్టం."

షెడ్డు అంతా నా వెనకే ఉంది. రెండు ముక్కలు రాశాను: 'అభ్యంతరం లేదు.'

ప్రియాంక మేడం చదివి, మొదటిసారి నవ్వింది. "అవతల చాయ్ డబ్బా కాడ నిలబడ్డడు. జీపు ఆయనే తోలుకొచ్చిండు. ఆడిట్ అయ్యేదాకా లోపలికి రాడంట."

గొడుగు తీసుకోవాలని కూడా తోచలేదు. గల్లీ దాటేసరికి సగం తడిశాను. చాయ్ కొట్టు టార్పాలిన్ కింద అతను నిలబడి ఉన్నాడు. చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏమైంది?" అన్నాడు.

"ఇసుక లేదన్నరు. మిగతాదంత మంచిగుంది."

"ఇసుక మొన్న నేనే చూసి చెప్పాల్సింది." ఊపిరి వదిలాడు. తరవాత నేల వైపు చూశాడు. "కాయిదం చదివిండ్రా?"

తలూపాను.

"రిమార్క్?"

"రాసిన." పద్నాలుగు ఎంట్రీల మనిషిని, నిలబడి ఒక్క వాక్యం పూర్తి చేయలేకపోయాను. "అభ్యంతరం... లేదని."

అతని చేయి మెడ దగ్గర ఐడీ కార్డు కోసం వెతికింది. కార్డు లేదు. లీవు పెట్టి, జీపు తోలడానికే వచ్చాడట. ఏం తిప్పాలో తెలియక నవ్వేశాడు. అప్పుడు చూశాను, పైపన్ను ఒకటి కొంచెం వంకర. అది ఏ ఎంట్రీలోనూ లేదు.

"మీరు రాసిన దాంట్ల ఒక తప్పున్నది మేడం," అన్నాడు. "వాన పడితే నేను తొందరగ పోలేనని రాసిండ్రు. ఉల్టా అది. ఫోన్ల వాన ఎప్పుడున్నదో చూసుకొని బయల్దేరిన. రెండుసార్లు."

నేను నవ్వాను. ఆ రోజు సోమవారమో కాదో గుర్తులేదు.

వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. తల మీద కొత్త అప్రాన్ కప్పుకుని గుమ్మంలో నిలబడింది. "ఓ సారూ, ఆడిట్ ఒడిసింది గదా. గా చల్లారిన చాయ్ పారబోసి లోపలికి రా. వీళ్ల నాన్నకు గూడ ఫోన్ చేసిన. బస్సు డిపోల పెట్టి వస్తడు."

అతను కదలలేదు. నా వైపు చూశాడు. నేను చెబితేనే వచ్చేలా ఉన్నాడు. సార్ అని పిలవబోయి ఆగిపోయాను. ఇక ఏమని పిలవాలో తెలియలేదు. ఆ కంగారులో నోటికి వచ్చింది ఒక్కటే.

"రా," అన్నాను.

నా మాట అందరికీ వినపడ్డట్టుంది, షెడ్డులో మిషన్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది.